లింకు డాక్యుమెంటు లేని నేల

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చి, "ఆస్ట్రేలియా విశేషాలు చెప్పండి, పిల్లలకు హుషారుగా ఉంటుంది" అన్నారు. జీతాలు, వీసాలు, కంగారూల సంగతులు భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. ఇక్కడ ఒక్క విషయమే చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా నేను ఇల్లు కట్టుకుని ఉంటున్న ఆ నేల ఎవరిది అన్న విషయం. ఇందులో ఒక బడి ఉంది, ఒక పరీక్ష ఉంది, ఆ పరీక్షలో ఫస్టు వచ్చిన ఒక అమ్మాయి ఉంది. కాబట్టి మాస్టార్లు మధ్యలో లేచి వెళ్లరని నా ధైర్యం.

మేముండేది సిడ్నీకి పడమట, సముద్రం నుంచి నలభై కిలోమీటర్లు లోపలికి. పారమట్టా, వెస్ట్‌మీడ్, బ్లాక్‌టౌన్, స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్... మీ బంధువులెవరైనా సిడ్నీలో ఉంటే ఈ పేర్లలో ఒకటి ఫోన్లో వినే ఉంటారు. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 60 వేల మంది. మా వైపు కూరగాయల కొట్టులో గోంగూర దొరుకుతుంది. అంతగా స్థిరపడ్డాం.

అక్కడ ఏ సభ మొదలైనా, బడిలో ప్రార్థన సమావేశమైనా, ఆఫీసులో మీటింగైనా, ఆఖరికి మన ఉగాది సంబరాలైనా, ముందుగా ఒక మాట చెబుతారు. ఈ నేలకు అసలు హక్కుదారులైన ఫలానా ప్రజలకు, వారి పెద్దలకు గౌరవం తెలుపుతున్నాం అని. దాన్ని 'అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ' అంటారు. అది ఎవరైనా చెప్పవచ్చు. 'వెల్కమ్ టు కంట్రీ' అని ఇంకొకటి ఉంది. అది మాత్రం ఆ నేలకు చెందిన ఆదివాసీ పెద్దలే వచ్చి చెప్పాలి. ఇంటికి రమ్మని పిలవాల్సింది ఇంటివాళ్లే కదా.

చాలా సభల్లో ఈ మాటను తద్దినం మంత్రంలా గబగబా చదివేసి, "ఇక కార్యక్రమంలోకి వెళ్దాం" అంటారు. చదివేవాడికి ఆ తెగ పేరు నోరు తిరగదు, వినేవాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. అక్కడి ఆదివాసుల్లోనే దీన్ని ఉత్త మాట అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. వాళ్ల విసుగు న్యాయమైనదే అని నాకనిపిస్తుంది.

కానీ ఒకటి ఆలోచించండి. మన పూజల్లో సంకల్పం చెప్పేటప్పుడు ఏ ద్వీపంలో, ఏ ఖండంలో, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్పుకుంటాం. మా గృహప్రవేశానికి వచ్చిన పురోహితులు ఆస్ట్రేలియాను, సిడ్నీని సంస్కృతంలో ఇరికించి మరీ చెప్పారు. ఎక్కడున్నామో చెప్పకుండా మన పని మొదలుకాదు. వాళ్ల పద్ధతిలో అదనంగా ఉన్నది ఒక్కటే, ఎవరి నేల మీద ఉన్నామో కూడా చెప్పడం.

మా అమ్మాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి ఒక హోమ్‌వర్క్ తెచ్చింది. 'మీ ఇల్లు ఉన్న చోట ఇంతకుముందు ఎవరుండేవారు?' అని ప్రశ్న. మా ఇంటికి ముందు అక్కడ పచ్చిక బీడు, దానికి ముందు ఆవుల డెయిరీ. దానికి ముందు? ఆ ఆదివారం ముగ్గురం కలిసి బ్లాక్‌టౌన్ లైబ్రరీకి వెళ్లాం. ఆ తర్వాత నేను చాలా ఆదివారాలు వెళ్లాను.

అది దారుగ్ ప్రజల నేల. అందులో పారమట్టా దగ్గరి వంశం వాళ్లను బురమట్టగల్ అంటారు. ఈల్ అనే పాములాంటి చేప అక్కడి నదిలో విశ్రమిస్తుంది కాబట్టి ఆ చోటికి బురమట్టా అని పేరు. చూడ్డానికి మన బొమ్మిడాయికి దూరపు చుట్టంలా ఉంటుంది. తెల్లవాళ్ల నోట్లో అదే పారమట్టా అయింది. పారమట్టాలో తవ్వినప్పుడు దాదాపు 30 వేల ఏళ్ల కిందటి మనుషుల జాడలు దొరికాయి. వాలబీ, డింగో, బూమరాంగ్ లాంటి మాటలు ఆ సిడ్నీ ప్రాంతపు భాషలోంచి ఇంగ్లీషులోకి వచ్చినవే. అంటే మనం కూడా తెలియకుండానే వాళ్ల మాటలు నాలుగు మాట్లాడుతున్నాం.

1788 జనవరి 26న ఇంగ్లండు నుంచి ఖైదీలను దింపిన ఓడలు సిడ్నీ రేవులో ఆగాయి. మరుసటి ఏడే మశూచి వచ్చి ఆదివాసులను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. తర్వాత భూముల కోసం గొడవలు. పెముల్వుయ్ అనే వీరుడు పన్నెండేళ్ల పాటు తెల్లవాళ్లను ముప్పుతిప్పలు పెట్టి 1802లో చనిపోయాడు. అతని తల నరికి ఇంగ్లండుకు పంపారు. ఈ రోజుకీ అది తిరిగి రాలేదు. ఇప్పుడు అతని పేరుతో మా దగ్గర ఒక పేట ఉంది. మనవాళ్లు చాలామంది అక్కడ ఇళ్లు కొనుక్కున్నారు.

ఇక బ్లాక్‌టౌన్. ఆ పేరు వినగానే మద్రాసు చరిత్ర తెలిసినవాళ్లకు ఏదో తట్టాలి. సెయింట్ జార్జి కోట బయట మనవాళ్లుండే భాగాన్ని ఇంగ్లీషువాళ్లు బ్లాక్ టౌన్ అనే పిలిచారు. తెలుగు వర్తకులు, దుబాసీలు తరతరాలుగా ఉన్నది అక్కడే. 20వ శతాబ్దం మొదట్లో దాన్ని జార్జి టౌన్ అని మార్చారు. సిడ్నీలో మాత్రం ఆ పేరు అలాగే ఉండిపోయింది. అదే దొరలు, అదే అలవాటు, అదే పేరు. మనకేం సంబంధం అని అడిగే మిత్రులకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఇందాక అన్న బడి దగ్గరికి రావాలి.

1814లో గవర్నర్ మెక్వారీ, పాదరీ విలియం షెల్లీ కలిసి ఆదివాసీ పిల్లల కోసం పారమట్టాలో ఒక బడి పెట్టాలనుకున్నారు. 'నేటివ్ ఇన్‌స్టిట్యూషన్' దాని పేరు. 1815 జనవరిలో మొదలైంది. చదవడం, రాయడం, లెక్కలు. మగపిల్లలకు వ్యవసాయం, ఆడపిల్లలకు కుట్టుపని. వినడానికి బాగానే ఉంది. కానీ దాని నిబంధనల్లో ఒకటుంది. పిల్లను ఒకసారి చేర్చాక ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 16 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రులు వెనక్కి తీసుకెళ్లకూడదు. నాలుగేళ్ల పిల్లనైనా సరే. ఇక్కడ మాస్టార్లున్నారు, తల్లులున్నారు, ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. పిల్లలు పారిపోయేవారు. పారిపోయిన పిల్లలు ఎక్కడికి వెళ్తారు, అమ్మ దగ్గరికే.

ఆ బడిలో మొదటి విడతలోనే చేరిన అమ్మాయి మరియా. నాన్న యారముండీ, దారుగ్ పెద్దల్లో పేరున్నవాడు. చేరినప్పుడు తనకు తొమ్మిదేళ్లుంటాయేమో. 1819లో కాలనీలోని బడులన్నిటికీ కలిపి వార్షిక పరీక్ష పెట్టారు. దాదాపు వంద మంది తెల్లపిల్లలు, ఇరవై మంది ఆదివాసీ పిల్లలు రాశారు. మొదటి బహుమతి పద్నాలుగేళ్ల ఆదివాసీ అమ్మాయికి వచ్చింది. ఈ జాతికి చదువు రాదని బల్లగుద్ది చెప్పినవాళ్ల నోళ్లు ఆ రోజుకి మూతపడ్డాయి. సిడ్నీ గెజెట్ పత్రిక ఆ వార్త వేసింది. అమ్మాయి వయసు రాసింది, ఒంటి రంగు రాసింది, ఎన్నేళ్లుగా బడిలో ఉందో రాసింది. పేరు రాయలేదు. అది మరియాయే అయి ఉంటుందని తర్వాతి చరిత్రకారులు లెక్కకట్టి చెప్పారు.

మన హెడ్మాస్టరుగారి గది బయట చెక్కబోర్డు గుర్తుందా? పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్ల పేర్లు ఏటేటా తెల్ల పెయింటుతో రాసేవారు. నా పేరు దాని మీద లేదు, అది వేరే విషయం. నా బెంచీలో కూర్చున్నవాడి పేరుంది. ఇప్పటికీ వాడు ఎక్కడికి వెళ్లినా ఆ బోర్డు సంగతి ఎత్తకుండా ఉండడు. ఆ పేరు బదులు 'ఒక నల్ల కుర్రాడు' అని రాసి ఉంటే?

1823లో ఆ బడిని పారమట్టా నుంచి రిచ్‌మండ్ రోడ్డు మీదికి మార్చారు. అప్పటికే అక్కడ కోల్బీ, నురాజింజీ అనే ఇద్దరు దారుగ్ మనుషులకు 30 ఎకరాలు పట్టా ఇచ్చి ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఆదివాసులకు ప్రభుత్వం రాసిచ్చిన మొదటి పట్టా అదే. బడి, పట్టా భూమి, చుట్టూ చేరిన ఆదివాసీ కుటుంబాలు, అన్నీ కలిపి ఆ చోటును నల్లవాళ్ల ఊరు అన్నారు. అక్కడికి వెళ్లే దారికి ఆ పేరు వచ్చింది, దారి మీద కట్టిన రైల్వే స్టేషనుకు వచ్చింది, స్టేషను చుట్టూ పెరిగిన నగరానికి వచ్చింది. బడి మాత్రం కొన్నేళ్లకే మూతపడింది.

ఆ పట్టా ఎందుకిచ్చారో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. 1816లో మెక్వారీ ఆదివాసుల మీదికి సైన్యాన్ని పంపాడు. ఏప్రిల్ 17 తెల్లవారుజామున ఆపిన్ దగ్గర నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డారు. ఆడవాళ్లు, పిల్లలతో సహా కనీసం 14 మంది చనిపోయారు. కొందరు ప్రాణభయంతో లోయలోకి దూకి పోయారు. ఆ దండయాత్రలో సైన్యానికి దారి చూపినందుకే ఈ ఇద్దరికీ 30 ఎకరాల బహుమానం. వాళ్లను ద్రోహులు అనడం నాకు చేతకాదు. తమ వాళ్లు ఇంకా మిగిలి ఉండాలంటే ఏం చేయాలో అని లెక్క వేసుకుని ఉంటారు. బడి పెట్టిన గవర్నరు, సైన్యాన్ని పంపిన గవర్నరు, పట్టా ఇచ్చిన గవర్నరు ఒక్కడే. ఆపిన్ ధరవాల్ ప్రజల నేల. హెలెన్స్‌బర్గ్‌లో మనం దర్శనానికి వెళ్లే వేంకటేశ్వరస్వామి గుడి కూడా ధరవాల్ నేలే. రెండిటికీ పెద్ద దూరం లేదు.

మరియా దగ్గరికి వద్దాం. ఆమె 1824 జనవరి 26న పారమట్టాలోని సెయింట్ జాన్ చర్చిలో రాబర్ట్ లాక్ అనే ఖైదీ వడ్రంగిని పెళ్లాడింది. అతనికి చదువు రాదు, ఆమెకు వచ్చు. కోల్బీ ఆమె అన్న. అన్న చనిపోయాక ఆ 30 ఎకరాలు తనకు రావాలని 1831లో గవర్నర్ డార్లింగ్‌కు అర్జీ పెట్టుకుంది. బడిలో నేర్చుకున్న ఆ ఇంగ్లీషులోనే. పెళ్లికి ఇస్తామన్న కొంచెం భూమి, ఒక ఆవు కూడా ఇవ్వలేదని అందులో గుర్తుచేసింది. కచేరీల చుట్టూ తిరగడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్న భూమి ఆమె చేతికి వచ్చింది 1843లో. పన్నెండేళ్లు. 1878లో ఆమె చనిపోయింది. ఆ నేలను పిల్లలు, మనవలు సాగుచేసుకున్నారు. 1920 ప్రాంతంలో ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ బోర్డు దాన్ని లాగేసుకుంది.

మా మిత్రుడొకాయన, చాలా మంచివాడు, ఇదంతా విని, "బావుందండీ, పాపం. కానీ చేసింది తెల్లవాళ్లు, మనం నిన్నగాక మొన్న వచ్చాం, మనం డబ్బిచ్చి కొనుక్కున్నాం" అన్నారు. మనవాళ్లలో ఎక్కువమంది మాట అదే. దానికి నా జవాబు మన రిజిస్ట్రేషన్ ఆఫీసులోనే ఉంది. ఇక్కడ స్థలం కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. మీకు అమ్మినాయనకు ఎవరమ్మారు, ఆయనకెవరమ్మారు అని వెనక్కి వెనక్కి వెళ్తాం. ఒక్క లింకు తెగితే లాయరుగారు సంతకం పెట్టొద్దంటారు. సిడ్నీలో నా ఇంటి కాగితాలు కూడా అలా వెనక్కి వెళ్తే, బిల్డరు, డెయిరీ రైతు, ఆ పైన గవర్నరు ఇచ్చిన గ్రాంటు దగ్గర ఆగిపోతాయి. గవర్నరుకు ఎవరమ్మారు? అక్కడ కాగితం లేదు. ఎవరికీ చెందని నేల అన్న ఊహ మీద ఆ మొదటి కాగితం నిలబడి ఉంది. 1992లో మాబో కేసులో అక్కడి హైకోర్టు, మన సుప్రీంకోర్టులాంటిది, ఆ ఊహ చెల్లదని తేల్చింది. అంతవరకు 204 ఏళ్లు పట్టింది.

అలాగని ఇల్లు పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఆ భయం మనవాళ్లలో నిజంగా ఉంది, పైకి అనరు. మాబో తీర్పు, 1993 చట్టం వచ్చాక కూడా సొంతహక్కుతో అమ్మిన ఇళ్ల స్థలాల మీద ఆదివాసీ హక్కు అడగడానికి వీల్లేదు. నా లింకు తెగిన చోట చట్టం నాకే కొమ్ముకాస్తోంది. అందుకే ఆ మాట సభలో చెప్పడం వల్ల నాకు పైసా నష్టం లేదు. నష్టం లేని మాటనైనా సరిగ్గా చెప్పకపోతే ఎలా అన్నదే నా వాదన.

జనవరి 26 మాకు ఇంకో చిక్కు. మనకు గణతంత్ర దినం. అక్కడ ప్రభుత్వానికి ఆస్ట్రేలియా డే, చాలామందికి పౌరసత్వం ఇచ్చేదీ ఆ రోజుల్లోనే. ఆదివాసులకు తమ నేల పోయిన రోజు. 1938లోనే వాళ్లు ఆ తేదీని సంతాప దినంగా పాటించారు. పొద్దున్నే మనం జెండా ఎగరేసి లడ్డూలు పంచుకుంటాం. ఇంగ్లీషువాడి పాలన పోయి మన రాజ్యాంగం వచ్చిన రోజది. అదే పూట ఊరి నడిబొడ్డున వాళ్లు, ఇంగ్లీషువాడు వచ్చిన రోజని ఊరేగింపు చేస్తుంటారు. జెండా వందనం మానేయమని నేననను. మానను కూడా. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకుని ఆ ఊరేగింపు చూడ్డానికి వెళ్తాను. 2023 అక్టోబరులో ఆదివాసుల గొంతుకు రాజ్యాంగంలో చోటివ్వాలా అని ఓటింగు పెడితే దేశంలో నూటికి అరవై మంది వద్దన్నారు. మన ఇళ్లలో ఆ నెలంతా దాని మీద వాదనలే. వాదించుకున్నాం, అదైనా మేలు.

మా తెలుగు సంఘంలో ఒక ఉగాదికి దారుగ్ పెద్దావిడను పిలిచి వెల్కమ్ చెప్పిద్దామన్నాను. కమిటీలో అరగంట చర్చ. కార్యక్రమం ఆలస్యమవుతుందని ఒకరు. దానికి ఫీజు ఇవ్వాలట, పలకరించడానికి ఫీజేమిటని ఇంకొకరు. కోశాధికారిగారు తక్కువ మాట్లాడే మనిషి. "పురోహితుడికి సంభావన ఇవ్వమా?" అన్నారు. తీర్మానం పాసైంది.

ఆవిడ వచ్చారు. దారుగ్ భాషలో నాలుగు మాటలు, ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడారు. ఉగాది పచ్చడి తిని వేపపువ్వు దగ్గర మొహం చిట్లించి నవ్వారు. పిల్లల పద్యాలయ్యేదాకా కూర్చుని, వెళ్లేటప్పుడు మా అమ్మాయి మరియా గురించి అడిగితే, "మా అమ్మమ్మ వాళ్ల వంశమే" అన్నారు. మరియాకు తొమ్మిది మంది పిల్లలు బతికారు. ఇవాళ ఎన్నో దారుగ్ కుటుంబాలు ఆమెను తమ పెద్దమ్మగా చెప్పుకుంటాయి. అప్పటివరకు హాల్లో చాలామంది ఈ కథను ఎప్పుడో అంతరించినవాళ్ల కథగా విన్నారు. ఇప్పుడు ఆ వంశపు మనిషి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ మాతో మాట్లాడుతోంది.

అప్పటినుంచి మా సభల్లో ఆ మాటను అచ్చుకాగితం చూసి చదవడం మానేశాం. సభ ఎక్కడ జరుగుతుందో ఆ చోటి సంగతి ఒకటి తెలుగులో చెప్పాలి, అదీ పిల్లలే చెప్పాలి. పారమట్టాలో అయితే ఈల్ చేప. హెలెన్స్‌బర్గ్‌లో ధరవాల్ వాళ్లు. డూన్‌సైడ్‌లో నురాజింజీ రిజర్వ్ అని పెద్ద పార్కుంది, కార్తీక వనభోజనాలకు వెళ్తుంటాం. అక్కడ అయితే నురాజింజీ ఎవరో, ఆ 30 ఎకరాలు ఎలా వచ్చాయో. రెండు నిమిషాలు పడుతుంది. పులిహోర చల్లారదు.

రిచ్‌మండ్ రోడ్డు మీద ఆ పాత బడి స్థలాన్ని ప్రభుత్వ సంస్థ 2018లో దారుగ్ వాళ్ల సంఘానికి తిరిగి అప్పగించింది. మా ఇంటి నుంచి కారులో పది నిమిషాలు. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి సిడ్నీ వస్తే నాకు ఫోన్ చేయండి, ఒపెరా హౌస్ మీ పిల్లలు చూపిస్తారు, ఇది నేను చూపిస్తాను. కట్టడమేదీ మిగల్లేదు. గడ్డి, కొన్ని చెట్లు, పక్కన జోరుగా పోయే లారీలు. ఇంత విన్నారు కాబట్టి, ఏం చూడాలో మీకు తెలుస్తుంది.